బయోకెమిస్ట్రీ అంటే మెడిసిన్‌కి మెట్టేనా?

మన పిల్లలు హైస్కూలు దాటి యూనివర్సిటీలో చేరారో లేదో, పాట్‌లక్కుల్లో ఎవరో ఒకరు "మేజరు ఏమిటమ్మా?" అని అడగక మానరు. ఇంజనీరింగు, కంప్యూటర్లు అనే రెండు జవాబులు పక్కన పెడితే మేము తరచుగా వినే మూడో జవాబు బయోకెమిస్ట్రీ. పిల్ల ఆ మాట అనీ అనకముందే పక్కనున్న తల్లో తండ్రో అందుకుని, "అంటే మెడిసిన్‌కే లెండి" అని సర్ది చెబుతారు. బయోకెమిస్ట్రీ ఒక వరండా, అక్కడ నాలుగేళ్ళు ఓపిగ్గా నిలబడితే లోపలి గది తలుపు తెరుస్తారు అన్న ధోరణి ఆ మాటలో వినిపిస్తుంది.

మా ఇద్దరిలో ఒకరు ఈ శాస్త్రాన్ని కాలేజీలో బోధిస్తున్నారు. రెండోవారు బోధించేవారితో కాపురం చేస్తున్నారు. అందుచేత సెప్టెంబరులో సంబరంగా చేరినవాళ్ళనీ చూస్తున్నాం, మరుసటి ఏడాది నవంబరులో మొహం వేలాడేసుకుని ఆఫీసు గది ముందు నిలబడేవాళ్ళనీ చూస్తున్నాం. ఆ నిలబడేవాళ్ళలో మన పిల్లలు తక్కువేమీ లేరు. తెలివికి లోటు లేదు, కష్టపడడానికి వెనుకాడరు. చిక్కల్లా ఎక్కడంటే, తాము చేరిన చదువు ఎలాంటిదో వాళ్ళకీ, వాళ్ళని ప్రోత్సహించిన మనకీ సరిగ్గా తెలియదు. ఆ సంగతే ఈ నెల కొంచెం వివరంగా రాద్దామనుకున్నాం.

జీవి శరీరం ఏ పదార్థాలతో కట్టబడిందో, ఆ పదార్థాలు ఒకదాని నుంచి మరొకటి ఎలా పుడతాయో చెప్పేది జీవరసాయన శాస్త్రం. మాంసకృత్తులు, పిండిపదార్థాలు, కొవ్వులు, న్యూక్లియిక్ ఆమ్లాలు అని పుస్తకంలో నాలుగు పెద్ద కుటుంబాలుగా విడదీసి చెబుతారు. పుస్తకం సంగతి అలా ఉంచి వంటింట్లోకి రండి. రాత్రి పడుకోబోయే ముందు పాలు తోడు పెడతాం కదా. పాలలో కేసీన్ అనే మాంసకృత్తు కంటికి ఆనని ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఆ ఉండలన్నిటి మీదా ఋణ విద్యుదావేశం ఉంటుంది గనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎడంగా ఉంటాయి. తోడులోని సూక్ష్మజీవులు పాలలో ఉన్న లాక్టోజు అనే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పులుపు పెరుగుతుంది, పి.హెచ్. 6.6 ప్రాంతం నుంచి 4.6 దగ్గరికి దిగుతుంది. అక్కడికి వచ్చేసరికి ఉండల మీది ఆవేశం సమసిపోయి అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అదే మన గడ్డపెరుగు.

చలికాలంలో పెరుగు తోడుకోవడం లేదని గిన్నెను ఓవెనులో పెట్టి, లోపలి దీపం వెలిగించి ఉంచని తెలుగు ఇల్లు ఈ ఊళ్ళో ఉందా? ఎంజైములు చేసే పని వేడిని బట్టి హెచ్చుతగ్గులవుతుందన్న పాఠం అదే. మరీ కాగిన పాలలో తోడు వేస్తే పెరుగు కాదని మన అమ్మమ్మలందరికీ తెలుసు. ఎంజైములు కూడా మాంసకృత్తులే. వేడి మించితే వాటి ఆకారం చెదిరిపోతుంది, సూక్ష్మజీవులు చస్తాయి. ఈ రెండు సంగతులకీ కలిపి కాలేజీలో ఒక గ్రాఫు గీయిస్తారు, దాని మీద పరీక్ష పెడతారు.

ఇంకో ముచ్చట. తోడులో లాక్టిక్ ఆమ్లం పుట్టే దారీ, మనం పరుగున మెట్లెక్కినప్పుడు కండరంలో అది పుట్టే దారీ దాదాపు ఒకటే. గ్లూకోజు పది మెట్లలో పైరువేటు అనే పదార్థం అవుతుంది, ఆ మీదట ఒక్క అడుగులో లాక్టేటు అవుతుంది. ఆ పది మెట్లకీ గ్లైకాలసిస్ అని పేరు. గిన్నెలో ఉన్న ఏకకణ జీవికీ, దాన్ని అన్నంలో కలుపుకునే మనకీ ఒకే వంటకం! ఈ సంగతి విని ఒక్క క్షణం ఆశ్చర్యపోయిన విద్యార్థి ఈ చదువులో నిలబడతాడని మా నమ్మకం. "ఇది పరీక్షలో వస్తుందా?" అని అడిగినవాడి గురించి మాకు కొంచెం బెంగ.

ఇక చదువు వరస. మొదటి ఏడు సామాన్య రసాయనం, జీవశాస్త్రం, కాల్క్యులస్. రెండో ఏడు ఆర్గానిక్ కెమిస్ట్రీ. మూడో ఏడుకి గాని అసలు బయోకెమిస్ట్రీ రాదు. నాలుగో ఏడు ఫిజికల్ కెమిస్ట్రీ, పెద్ద లాబరేటరీ కోర్సు. యూనివర్సిటీని బట్టి కాస్త అటూ ఇటూ. అంటే బయోకెమిస్ట్రీలో చేరిన పిల్లవాడు రెండేళ్ళ పాటు బయోకెమిస్ట్రీ మొహం చూడడు. ఈ సంగతి తెలియక, "నీకు ఇష్టమని చేరావు, మరి ఇప్పుడు ఇష్టం లేదంటావేమిటి?" అని కోప్పడిన తండ్రులున్నారు. పిల్లవాడికి ఇష్టం లేనిది ఆర్గానిక్.

ఈ ఆర్గానిక్ దగ్గరే మన పిల్లల బండి ఎక్కువగా ఇరుక్కుంటుంది. చిన్నప్పటినుంచీ మనం వాళ్ళ జ్ఞాపకశక్తికి పదును పెడుతూ వచ్చాం. ఎక్కాలు, శ్లోకాలు, స్పెల్లింగు పోటీలు, రాజధానుల పేర్లు. హైస్కూలు దాకా ఆ బలంతోనే నెగ్గుకొచ్చారు. ఆర్గానిక్‌లోనూ అదే పద్ధతిలో రెండొందల చర్యలు చీటీల మీద రాసుకుని కంఠతా పడతారు. పరీక్షలో ఆ రెండొందలూ రావు, రెండొందల ఒకటోది వస్తుంది. ఏ పరమాణువు దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్నాయి, ఎక్కడ తక్కువ, ఎటునుంచి ఎటు పోతాయి అని చూడడం అలవాటైతే రెండొందల చర్యలూ పది పన్నెండు రకాలుగా కుదించుకుపోతాయి. కాగితం మీద వంపు బాణాలు గీస్తూ కూర్చోవాలి, అంతే. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళకి ఇది కొత్త కాదు: సరళీ స్వరాలు చేతికి రానిదే వర్ణం రాదు, ఎంత వినికిడి ఉన్నా సరే.

మూడో ఏడు బయోకెమిస్ట్రీలో అడుగుపెట్టాక కూడా ఇదే ప్రలోభం. ఇరవై అమైనో ఆమ్లాలు, గ్లైకాలసిస్ పది మెట్లు, క్రెబ్స్ చక్రం ఎనిమిది మెట్లు. పేర్లు నేర్చుకోక తప్పదు, కాదనం. కాని ప్రశ్న వచ్చే తీరు వేరు: "ఈ నాలుగో మెట్టు దగ్గర ఎంజైము లేకుండా పుట్టిన బిడ్డకి రక్తంలో ఏ పదార్థం పేరుకుంటుంది? కండరానికి ఏమవుతుంది?" దారి తెలిసినవాడికి నిమిషం పని. పేర్లు మాత్రమే తెలిసినవాడికి చెమటలు.

ఈ దారులు ఎవరో ఒకరు నడిచి కనుక్కున్నవని కూడా పిల్లలకి చెప్పాలి. హాన్స్ క్రెబ్స్ జర్మనీలో హిట్లరు వచ్చాక ఉద్యోగం పోగొట్టుకుని ఇంగ్లండు చేరిన మనిషి. 1937లో షెఫీల్డులో ఆ చక్రం సంగతి తేల్చి 'నేచర్' పత్రికకి పంపితే, చోటు లేదని తిప్పి పంపారు. 1953లో నోబెల్ బహుమానం వచ్చింది. మన ఇళ్ళలో ఒక బి-గ్రేడు వచ్చినందుకు జరిగే రాద్ధాంతం చూసినప్పుడు ఈ కథ గుర్తొస్తూ ఉంటుంది.

కొన్ని ఇళ్ళలో ఇంకో రకం తగాదా. తండ్రి గుంటూరులోనో వరంగల్లులోనో బి.యస్సీ చేసినవాడు, ఒక గ్లూకోజు అణువు పూర్తిగా దహనమైతే 38 ఏ.టి.పి.లు అని ఆయనకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. కూతురు 30 లేక 32 అంటుంది. "ఇక్కడి పుస్తకాలింతే" అని ఆయన, "మీ పుస్తకం పాతది" అని ఆ పిల్ల. నిజానికి ఇద్దరిదీ ఒకే లెక్క. వెనకటి పుస్తకాల్లో ఒక ఎన్.ఏ.డి.హెచ్.కి మూడు, ఒక ఎఫ్.ఏ.డి.హెచ్2కి రెండు చొప్పున వేసేవారు. తరువాత జాగ్రత్తగా కొలిస్తే అవి సుమారు రెండున్నర, ఒకటిన్నర అని తేలింది. అరలు తగ్గించి కూడితే మొత్తం దిగింది. శాస్త్రంలో అంకె మారడమంటే ఏమిటో ఇంట్లోనే చూపించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ ఉండదు. తండ్రిగారు ఒక మెట్టు దిగితే.

ఎంజైముల వేగం గురించిన అధ్యాయం అంటే చాలామందికి హడలు. 1913లో మైకేలిస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడూ, మాడ్ మెంటెన్ అనే కెనడా డాక్టరమ్మా కలిసి రాసిన సమీకరణం అందులో ఉంటుంది. దీన్ని మేము పెళ్ళి పంక్తితో చెబుతూ ఉంటాం. వడ్డించేవాళ్ళు పదిమందే. ఇరవై విస్తళ్ళు ఉన్నప్పుడు వాళ్ళు తీరిగ్గా తిరుగుతారు. యాభై అయితే వేగం పెరుగుతుంది. రెండొందల విస్తళ్ళు వేస్తే? పదిమందీ ఊపిరి తిప్పుకోకుండా తిరుగుతారు గాని, ఇంకో వంద విస్తళ్ళు చేర్చినా నిమిషానికి పడే గరిటెల సంఖ్య పెరగదు. ఆ హద్దునే గరిష్ఠ వేగం అంటారు. అందులో సగం వేగం రావడానికి ఎన్ని విస్తళ్ళు కావాలో ఆ సంఖ్యే మైకేలిస్ స్థిరాంకం. ఆ అంకె తక్కువైన ఎంజైము కొద్దిపాటి పదార్థంతోనే చురుగ్గా పని అందుకుంటుంది. ఇది చెప్పాక సమీకరణం భయం సగం తగ్గుతుంది. మిగతా సగం ఇంటిలెక్కలు చేస్తే పోతుంది.

ఇంతకీ బయోకెమిస్ట్రీ అనగానే మన సభల్లో తలుచుకునే పేరు ఒకటుంది: యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫొటోకి దండ వేస్తాం, భీమవరంలో 1895లో పుట్టారనీ, నోబెల్ రాకపోవడం అన్యాయమనీ చెప్పుకుంటాం, తరువాత భోజనాలకి లేస్తాం. ఆయన చేసిన పని ఏమిటో మాత్రం పిల్లలకి చెప్పం. అందులో ఈ వ్యాసానికి కావలసిన సంగతి ఒకటుంది.

సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివినవారు. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల గురించి చదివి, ఖర్చులకి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ, అప్పుడు బయోకెమిస్ట్రీలోకి వచ్చారు. మన పిల్లలు బయోకెమిస్ట్రీ మెట్టు మీంచి మెడిసిన్‌లోకి పోవాలని మనం కోరుకుంటే, ఆయన మెడిసిన్ మెట్టు మీంచి ఇటు వచ్చారన్నమాట.

అక్కడ ఫిస్కే అనే ప్రొఫెసరుతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ఒకటి తయారు చేసి 1925లో ప్రకటించారు. ద్రావణంలో మాలిబ్డేటు కలిపి, ఇంకో మందు వేస్తే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఇండియాలో బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవారిలో చాలామంది ఈ "ఫిస్కే-సుబ్బారావు పద్ధతి"తో చేతులు నీలం చేసుకున్నవారే. ఈ పద్ధతిని వాళ్ళు కండరపు రసం మీద ప్రయోగించినప్పుడు ఒక విచిత్రం జరిగింది. నీలం రావలసినంత వెంటనే రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా ముదురుతూ పోయింది. కొత్త విద్యార్థి అయితే గొట్టం సరిగ్గా కడగలేదనుకుని పారబోసేవాడు. వాళ్ళు పారబోయలేదు. భాస్వరాన్ని మెల్లమెల్లగా వదులుతున్న పదార్థం ఏదో అందులో ఉండి ఉండాలని వెతికి, 1927లో ఫాస్ఫోక్రియాటీన్‌ని పట్టుకున్నారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడు ఆ పదార్థం జాడ కనిపెట్టారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు గార్లు ఇక్కడా, లోమన్ జర్మనీలోనూ, ఎవరికి వారు ఏ.టి.పి.ని బయటపెట్టారు. తండ్రీ కూతుళ్ళు తగువులాడుకున్న ఆ ఏ.టి.పి.యే. జిమ్ముకి వెళ్ళే మన అబ్బాయిలు డబ్బాలు డబ్బాలుగా కొనుక్కునే క్రియాటీన్ పొడుం కండరంలోకి చేరాక అయ్యేది కూడా ఈ ఫాస్ఫోక్రియాటీనే. భీమవరం కథ అక్కడినుంచి మొదలుపెడితే ఏ కుర్రవాడైనా వింటాడు.

హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక 1940లో ఆయన లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. ఆ లాబరేటరీలు పెరల్ రివర్‌లో ఉండేవి, న్యూజెర్సీ సరిహద్దు దాటితే న్యూయార్కు రాష్ట్రంలో మొదటి ఊరు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తకణాలు పుట్టడానికి కావలసిన విటమిను ఇది. సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకి ఈ విటమిను పనిచేస్తుంది.

ఇక్కడే రసాయనం తడాఖా ఉంది. ఫోలిక్ ఆమ్లం అణువులో ఒక మూల ఆక్సిజన్ ఉండే గుంపును తీసి దాని చోట నైట్రోజన్ ఉండే గుంపును పెడితే అమైనాప్టెరిన్ అనే ఇంకో పదార్థం వస్తుంది. చూపుకి రెండూ కవలలు. విటమిను కోసం కాచుకున్న ఎంజైము ఈ దొంగ కవలను పట్టుకుని వదలలేక కూర్చుంటుంది, కణం పెరగడం ఆగిపోతుంది. విచ్చలవిడిగా పెరుగుతున్న కణాలకి ముందు దెబ్బ తగులుతుంది. ఈ మందు తీసుకుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరు వచ్చిన పిల్లలకి ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించారు. పదహారుమందిలో పదిమందికి కొంతకాలం గుణం కనబడింది. కొంతకాలమే, కాని అంతకు ముందు ఆ మాత్రం కూడా లేదు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు 53వ ఏట పోయారు. అమైనాప్టెరిన్‌కి తమ్ముడి వంటి మెథోట్రెక్సేటు ఈనాటికీ కాన్సరులోనూ, కీళ్ళవాతంలోనూ వాడుతున్నారు. మన పెద్దవాళ్ళలో కొందరి మందుల పెట్టెలో అది ఉండే ఉంటుంది.

ఆయన ఈ దేశంలో రోగుల నాడి చూసే డాక్టరు కాలేదు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, మేమెరిగిన ఒక అమ్మాయి సంగతి ఉంది. మూడో ఏడు ఒక ప్రొఫెసరు లాబులో చేరింది. మాంసకృత్తులను శుద్ధి చేసే పని. చలిగదిలో స్వెట్టరు వేసుకుని, గాజు గొట్టంలోంచి బొట్టు బొట్టుగా కారే ద్రావణాన్ని పట్టడం. సెలవులకి ఇంటికొచ్చి, "నేను ఎం.క్యాట్ రాయను, పిహెచ్.డి. చేస్తాను" అంది. తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. తండ్రి మాత్రం, "ఎవరికి ఏ జబ్బు తగ్గిస్తావమ్మా?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. "నాకు తెలియదు నాన్నా, ఎవరికీ తగ్గించకపోవచ్చు" అంది. ఇప్పుడు గ్రాడ్యుయేట్ స్కూల్లో మూడో ఏడు. మొదటి ప్రాజెక్టు ఏడాదిన్నర చేసి వదిలేయాల్సి వచ్చింది. ఆమె సుఖంగా ఉందా అని అడిగితే, కొన్ని వారాలు ఉందనీ కొన్ని వారాలు లేదనీ చెబుతుంది. తండ్రిగారు గుడిలో కనిపించినవాళ్ళతో "మా అమ్మాయి డాక్టరు చదువుతోంది" అంటున్నారు. అబద్ధం కాదు కదా.

ఇంకో కుటుంబంలో అబ్బాయి ఇదే చదువు చదివి మెడిసిన్‌లోకి వెళ్ళాడు, అతనికి అదే తగినది. మెడిసిన్ వద్దని చెప్పడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. తలుపు ఒక్కటే ఉందని పిల్లలకి నూరిపోస్తే, అది తెరుచుకోని వాడు బయట ఎంతకాలం నిలబడాలి? రెండో ఏడు ఆర్గానిక్‌లో తప్పి, ఆ సంగతి ఇంట్లో ఏడాది పాటు చెప్పకుండా దాచిన కుర్రవాణ్ణి ఎరుగుదుము. మంచి పిల్లవాడు, మర్యాదస్తుడు. వారం వారం అమ్మతో ఫోనులో మాట్లాడేవాడు కూడా.

డబ్బు విషయం రెండు మాటల్లో. ఈ దేశంలో బయోకెమిస్ట్రీ పిహెచ్.డి.కి సాధారణంగా ఫీజు కట్టనక్కర్లేదు, బతకడానికి సరిపడా భత్యం ఇస్తారు. అయిదారేళ్ళు పడుతుంది. ఆ తరువాత పోస్ట్ డాక్టరుగా కొన్నేళ్ళు, ఆపైన ఉద్యోగానికి పోటీ గట్టిది. మెడిసిన్‌కి నాలుగేళ్ళు, రెసిడెన్సీకి కనీసం మూడేళ్ళు, నెత్తిన అప్పు. చివర్న ఉద్యోగానికి మాత్రం ఢోకా లేదు. తూకం ఎవరికి వారు వేసుకోవాలి. మెడిసిన్‌కి వెళ్ళేవాళ్ళకైనా బయోకెమిస్ట్రీ తప్పదు: 2015 నుంచి ఎం.క్యాట్‌లో దానికి పెద్ద పీట వేశారు.

పిల్లలకి ఈ చదువు పడుతుందో లేదో తెలుసుకోవడానికి మార్కుల పట్టీ కన్న వేసవి రెండు నెలలు లాబులో గడపడం మేలు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే వేసవి పరిశోధన కార్యక్రమాలు చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి, భత్యం కూడా ఇస్తారు. అయితే వాటికి పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే అర్హులు. మన వీసాల మీద ఉన్న పిల్లలు ముందే ఈ సంగతి తెలుసుకుని, తమ యూనివర్సిటీలోని ప్రొఫెసర్లకే నేరుగా ఉత్తరం రాసుకోవడం మంచిది. పదిమందికి రాస్తే ఒకరిద్దరు జవాబిస్తారు. ఉత్తరంలో తమ గొప్పలు తగ్గించి, ఆ ప్రొఫెసరు పని ఏదైనా ఒకటి చదివి దాని మీద ఒక ప్రశ్న అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఆర్గానిక్‌లో చేరబోయేవాళ్ళకి అణువుల నమూనాలు కట్టుకునే పుల్లలూ బంతుల పెట్టె చాలా ఉపయోగం. కాగితం మీద బొమ్మ చదునుగా ఉంటుంది. అణువుకి కుడి ఎడమలున్నాయని చేత్తో తిప్పి చూస్తేగాని బోధపడదు. మా ఇంట్లో అలాంటివి రెండు పెట్టెలు ఖాళీగా ఉన్నాయి, ఒకదానిలో నల్ల బంతులు రెండు తక్కువ. కావలసినవారు వచ్చే నెల సమావేశంలో మా దగ్గర తీసుకుని, ఏడాది తరువాత ఇంకొకరికి అందజేయవచ్చు. పాత పాఠ్యపుస్తకాలు అటక మీద ఉన్నవారు కూడా తీసుకురండి. పది పదిహేనేళ్ళవైనా ఫరవాలేదు, ఏ.టి.పి. లెక్క దగ్గర ఒకసారి సరిచూసుకోమని చెబుదాం.